అందరికీ అందని కంప్యూటర్ తెర: సూరత్ అనుభవం చెబుతున్న పాఠం

సూరత్: కంప్యూటర్ తెరపై కనిపించే ఫారం ఎంత సులువుగా ఉన్నదనే ప్రశ్న చాలాకాలం సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయంగా ఉండేది. కార్మిక గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, వ్యాక్సిన్, పన్ను రిటర్ను, చివరకు ఆపత్కాలంలో సొంతూరికి రైలు ప్రయాణం సైతం తెర మీదుగానే అందవలసి రావడంతో అది జీవనోపాధికి, పౌర హక్కులకు సంబంధించిన ప్రశ్నగా మారింది. ఈ మార్పు పర్యవసానాలను దగ్గరగా పరిశీలించదలచినవారికి గుజరాత్‌లోని వస్త్ర పరిశ్రమ కేంద్రం సూరత్‌ను మించిన చోటు అరుదు.

2011 జనాభా లెక్కల ప్రకారం సూరత్ నగర జనాభా 44.67 లక్షలు. వజ్రాల సానపట్టు, కృత్రిమ నూలు వస్త్రాల తయారీ ఈ నగరానికి రెండు కళ్ళు. పరిశ్రమ వర్గాల అంచనా ప్రకారం నగరంలోను, చుట్టుపక్కల ఆరు లక్షలకు పైగా మరమగ్గాలు నడుస్తున్నాయి. వాటిపై పనిచేసేవారిలో అత్యధికులు ఇతర రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారే. ఒడిశాలోని గంజాం జిల్లావాసులు, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులు, మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతీయులతో పాటు పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. సొంతూళ్ళలో చేమగ్గం గిట్టుబాటు కాక కొందరు, సిరిసిల్లలో సాంచాలుగా పిలిచే మరమగ్గాలపై పని నేర్చుకుని మరికొందరు ఈ దారి పట్టారు. లింబాయత్ వంటి ప్రాంతాలలో తెలుగు వినిపించని వీధి ఉండదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలను నడుపుతోంది.

పిల్లల చదువుకు ఏడు భాషలు అవసరమని ఒక నగరపాలక సంస్థ గుర్తించింది. ఆ పిల్లల తల్లిదండ్రులు దైనందిన వ్యవహారాలలో ఎదుర్కొనే కంప్యూటర్ తెరలు మాత్రం చాలాకాలం ఆ సంగతిని గుర్తించలేదు. ఈ రెండింటి మధ్య దూరమే ప్రస్తుత సమస్యకు మూలం.

మీట నుంచి హక్కు వరకు

మనిషికి, యంత్రానికి మధ్య మాటామంతీ జరిగే భాగాన్ని సాంకేతిక పరిభాషలో ఇంటర్‌ఫేస్ అంటారు. తెరపై అక్షరాలు, బొమ్మలు, మీటలు, ఫారంలోని గడులు, పొరపాటు జరిగినప్పుడు వచ్చే హెచ్చరికలు అన్నీ దీని కిందికే వస్తాయి. అమెరికాలో వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ ప్రచారంలోకి తెచ్చిన ‘సార్వత్రిక రూపకల్పన’ భావనే ఈ రంగంలో నేటి ఆలోచనలకు పునాది. పోలియో కారణంగా చక్రాల కుర్చీని ఉపయోగించిన మేస్, వికలాంగుల కోసం విడిగా ఒక వస్తువును తయారుచేయడం కాక, మొదటి నుంచీ అందరికీ పనికివచ్చే విధంగా వస్తువును రూపొందించాలని వాదించారు. ఆయన స్థాపించిన కేంద్రం ఉన్న నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం 1997లో ఈ భావనకు ఏడు సూత్రాలను ఖరారు చేసింది. అందరికీ సమాన ఉపయోగం, చూడగానే అర్థమయ్యే సరళత, పొరపాటును సహించే గుణం, తక్కువ శ్రమ వాటిలో ముఖ్యమైనవి.

ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యు3సి 1999లో ఇదే దిశగా తొలి మార్గదర్శకాలను వెలువరించింది. 2008లో వాటిని విస్తరించింది. తెరపై ఉన్నది గ్రహించడానికి వీలుగా, నడపడానికి వీలుగా, అర్థమయ్యేదిగా, ఏ పరికరంలోనైనా నిలకడగా పనిచేసేదిగా ఉండాలన్నవి వీటిలోని నాలుగు మూల సూత్రాలు. 2023 అక్టోబర్‌లో వచ్చిన కొత్త కూర్పు మరో అడుగు ముందుకు వేసి, ఒకసారి ఇచ్చిన సమాచారాన్నే మళ్ళీ మళ్ళీ అడగరాదని, లోనికి ప్రవేశించడానికి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టరాదని నిర్దేశించింది. భారత ప్రభుత్వం కూడా తన వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలను రూపొందించి, 2018లోను, 2023లోను సవరించింది. కాగితంపై చూస్తే లోటు పెద్దగా కనిపించదు. ఆచరణలోకి వచ్చేసరికే చిక్కులు మొదలవుతున్నాయి.

కొవిన్ నేర్పిన తొలి పాఠం

ఈ చిక్కులు దేశమంతటికీ ఒకేసారి తెలిసివచ్చిన సందర్భం 2021 నాటి కరోనా వ్యాక్సిన్ కార్యక్రమం. ఆ ఏడాది మే 1 నుంచి 18-44 ఏళ్ళ మధ్య వయస్కులకు వ్యాక్సిన్ కార్యక్రమాన్ని విస్తరించినప్పుడు వారు ముందుగా కొవిన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, సమయాన్ని ఖరారు చేసుకోవడం తప్పనిసరి చేశారు. పోర్టల్ అప్పట్లో ఆంగ్లంలో మాత్రమే ఉన్నది. ఖాళీలు తెరపై కనిపించిన క్షణాలలోనే భర్తీ అయిపోయేవి. వేగంగా వేళ్ళు కదిలించగలవారికి, ఆంగ్లం చదవగలవారికి వ్యాక్సిన్ ముందుగా దక్కింది. పన్నెండు గంటల షిఫ్టులో మగ్గాల మధ్య నిలబడే కార్మికునికి ఆ పోటీలో పాల్గొనే వీలే లేకపోయింది.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించిన కేసులో పరిశీలించింది. న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎల్. నాగేశ్వరరావు, ఎస్. రవీంద్రభట్‌లతో కూడిన ధర్మాసనం 2021 మే 31 నాటి ఉత్తర్వులో డిజిటల్ అంతరాన్ని ప్రస్తావించి, పోర్టల్‌పైనే పూర్తిగా ఆధారపడే విధానం అణగారిన వర్గాలకు అవరోధమవుతుందని హెచ్చరించింది. ధర్మాసనం అక్కడితో ఆగకుండా తెరలోని లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపింది. అంధులకు వినిపించే తరహాలో భద్రతా సంకేతం లేకపోవడం, మౌస్ లేకుండా కీబోర్డుతో నడిపే సౌకర్యం కొరవడడం, నెమ్మదిగా పనిచేసేవారిని పోర్టల్ దానంతట అదే బయటకు పంపివేయడం వీటిలో ఉన్నాయి. ఒక వెబ్‌సైట్‌లోని మీటల గురించి దేశ అత్యున్నత న్యాయస్థానం ఇంత వివరంగా వ్యాఖ్యానించవలసి రావడమే సమస్య తీవ్రతకు నిదర్శనం.

ఆ తర్వాత మార్పులు త్వరగానే వచ్చాయి. ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే నమోదు చేసుకునేందుకు మే 24ననే అనుమతి లభించింది. జూన్ నాటికి పోర్టల్ హిందీతో పాటు తెలుగు, గుజరాతీలతో సహా పలు ప్రాంతీయ భాషలలో అందుబాటులోకి వచ్చింది. కొద్ది వారాలలో చేయగలిగిన పనిని మొదటే ఎందుకు చేయలేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఈ-శ్రమ్: మూడేళ్ళ నిరీక్షణ

సూరత్ కార్మికులకు నేరుగా సంబంధించిన ఉదాహరణ ఈ-శ్రమ్ పోర్టల్. 2020 లాక్‌డౌన్ కాలంలో ఉపాధి కోల్పోయి సొంతూళ్ళకు పంపించాలంటూ సూరత్‌లో వలస కార్మికులు వీధులలోకి వచ్చిన దృశ్యాలు దేశం దృష్టిని ఆకర్షించాయి. ఆ ఏడాది మే 1 నుంచి శ్రామిక్ ప్రత్యేక రైళ్ళు మొదలైనప్పటికీ ప్రయాణానికి ముందుగా పేరు నమోదు చేసుకోవలసి రావడం వారికి మరో పరీక్ష అయింది. ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తున్నారో తెలిపే జాబితా ప్రభుత్వం వద్ద లేదన్న వాస్తవం అప్పుడే బయటపడింది. అసంఘటిత కార్మికుల జాతీయ జాబితాను త్వరితంగా సిద్ధం చేయాలని సుప్రీంకోర్టు 2021 జూన్ 29న ఆదేశించగా, కేంద్ర కార్మిక శాఖ ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్‌ను ప్రారంభించింది.

లక్ష్యం ఉన్నతమైనది. నమోదైనవారి సంఖ్య 30 కోట్లు దాటింది. అయితే పోర్టల్ తొలి రూపం ఆంగ్లం, హిందీ, కన్నడం, మరాఠీ భాషలకే పరిమితమైంది. తెలుగు లేదు, ఒడియా లేదు, సూరత్ సొంత భాష అయిన గుజరాతీ కూడా లేదు. షెడ్యూలులోని మొత్తం 22 భాషలలో దానిని అందుబాటులోకి తెచ్చినది 2025 జనవరి 7న. ప్రారంభానికి, దీనికి మధ్య మూడేళ్ళ నాలుగు నెలలకు పైగా వ్యవధి ఉన్నది. నమోదులో సింహభాగం పూర్తయిన తర్వాత భాష వచ్చిందన్నమాట.

భాష ఒక్కటే అడ్డంకి కాదు. పోర్టల్‌లో కార్మికుడు తాను చేసే పనిని 30 రంగాలకు చెందిన సుమారు 400 వృత్తుల జాబితా నుంచి ఎంచుకోవాలి. మరమగ్గాల పరిశ్రమలో నేసేవారు, పడుగు తయారుచేసేవారు, కండెలు చుట్టేవారు, బట్ట మడతపెట్టేవారు వేర్వేరు. కార్మికుడు తన పనిని పిలుచుకునే పేరు ఒకటైతే జాబితాలోని పేరు మరొకటిగా ఉంటుంది. జాబితాను తయారుచేసిన అధికారి దృష్టిలో ఇది వర్గీకరణ. కార్మికునికి మాత్రం పొడుపుకథ. తప్పు వృత్తిని ఎంచుకుంటే రేపు ఆ వృత్తికి వర్తించే పథకం అందకుండా పోయే ప్రమాదం ఉన్నదని అతనికి తెలిపే వాక్యం తెరపై ఉండాలి.

స్వయంగా నమోదు చేసుకోవాలంటే ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు చేతిలో ఉండాలి. ఊరు మారినప్పుడు, ఫోను పోయినప్పుడు సిమ్ కార్డు మార్చుకోవడం వలస కార్మికులలో సర్వసాధారణం. పాత నంబరుకు వెళ్ళే సంకేత సంఖ్య కొత్త ఫోనుకు రాదు. అటువంటివారు వేలిముద్రతో నమోదు కోసం సమీపంలోని సేవా కేంద్రానికి వెళ్ళాలి. మీటర్ల లెక్కన కూలి తీసుకునే నేత కార్మికునికి కేంద్రంలో గడిపిన పూట ఆ మేరకు నష్టమే. నమోదు ఉచితమన్న మాట నిజమే అయినా, పోయిన కూలిని ఆ లెక్కలో ఎవరూ చూపరు.

పేరులోనే పేచీ

తెలుగువారు గుజరాత్‌లో ఎదుర్కొనే మరో చిక్కు పేరు రాసే పద్ధతి నుంచి పుడుతోంది. గుజరాతీ సంప్రదాయంలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఒక నిర్దిష్ట క్రమంలో ఉంటాయి. తెలుగువారి ఇంటిపేరు సాధారణంగా ముందు వస్తుంది. చాలామంది విషయంలో అది ఒక్క పొడి అక్షరంగానే మిగులుతుంది. మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అంటూ మూడు గడులను తప్పనిసరి చేసిన ఫారంలో వీటిని ఎక్కడ నింపాలన్నది నింపేవారి ఊహకు వదిలివేయబడుతోంది. ఆధార్‌లో ఒక క్రమం, బ్యాంకులో మరో క్రమం, రేషన్ కార్డులో ఇంకో క్రమం నమోదైతే మూడూ ఒకే మనిషివని కంప్యూటర్ అంగీకరించదు.

ఆంగ్ల అక్షరక్రమం దీనికి తోడవుతోంది. వెంకటేశ్వర్లు అనే పేరును ఒక గుమాస్తా ‘వి’ అక్షరంతోను, మరొకరు ‘డబ్ల్యు’తోను మొదలుపెట్టవచ్చు. తెలుగులో ఒకే రకంగా పలికే పేరుకు ఆంగ్లంలో అరడజను రూపాలున్నాయి. ఒక్క అక్షరం తేడాకు దరఖాస్తు తిరస్కరించే యంత్రానికి పేరు సరిపోలలేదని మాత్రమే తెలుసు. ఏ పత్రంలో, ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో, దానిని ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్పకుండా తిరస్కరించడం ఇంటర్‌ఫేస్ లోపమే తప్ప దరఖాస్తుదారు లోపం కాదు.

సంకేత సంఖ్య వైరుధ్యం

తెర కష్టమైనప్పుడు మనిషి మరో మనిషిని ఆశ్రయిస్తాడు. వీధి చివరి మొబైల్ దుకాణం, ఇంటర్నెట్ కేంద్రం, పక్కింటి విద్యార్థి ఈ పాత్రను నిర్వహిస్తున్నారు. చాలా సందర్భాలలో ఇది మంచితనంతో జరిగే సాయమే. అయితే ఈ సాయంలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఫోనుకు వచ్చే సంకేత సంఖ్యను ఎవరికీ చెప్పరాదని బ్యాంకులు, రిజర్వు బ్యాంకు నిత్యం హెచ్చరిస్తుంటాయి. ఆంగ్లం రాని వ్యక్తి ఆంగ్ల ఫారం నింపించుకోవాలంటే ఆ సంఖ్యను ఎదుటివారికి చెప్పక తప్పదు. చెప్పవద్దని ఆదేశించే వ్యవస్థే చెప్పక తప్పని పరిస్థితిని సృష్టిస్తోంది. మోసపోయినవారిని అజాగ్రత్తపరులని నిందించే ముందు ఈ వైరుధ్యాన్ని గమనించవలసి ఉంది. ఎవరి సాయమూ లేకుండా నడపగల తెరే అన్నింటికన్నా భద్రమైన తెర.

వ్యాపారులకూ తప్పని తిప్పలు

ఈ ఇబ్బందులు పేద కార్మికులకే పరిమితమని భావించడం పొరపాటు. 2017 జులై 1 నుంచి వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు సూరత్ వస్త్ర వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూసి ఆందోళన జరిపారు. పన్ను విధింపే వారి ప్రధాన అభ్యంతరం అయినప్పటికీ, ఏడాదికి 37 రిటర్నులు కంప్యూటర్ ద్వారా దాఖలు చేయడం చిన్న వ్యాపారులకు, నేత యూనిట్ల యజమానులకు సాధ్యం కాదన్న వాదన కూడా బలంగా వినిపించింది. తరతరాలుగా ఖాతా పుస్తకాలపై నడిచిన వ్యాపారం ఒక్కసారిగా తెర మీదికి మారవలసి వచ్చింది.

ప్రభుత్వం క్రమంగా దిగివచ్చింది. ప్రతిపాదిత నెలసరి రిటర్నులలో రెండింటిని అదే ఏడాది నవంబర్‌లో పక్కనపెట్టింది. 2020 జూన్ 8 నుంచి, ఆ నెలలో లావాదేవీలేవీ లేనివారు సంక్షిప్త నెలసరి రిటర్నును ఒక్క ఎస్ఎంఎస్‌తో దాఖలు చేసే సదుపాయం కల్పించింది. 2021 జనవరి నుంచి చిన్న వ్యాపారులు మూడు నెలలకు ఒకసారి రిటర్ను ఇచ్చే వెసులుబాటు వచ్చింది. పోర్టల్ తెరిచి, లోనికి ప్రవేశించి, అన్ని గడులలోను సున్నాలు నింపే పని ఒక సాధారణ ఫోను నుంచి పంపే సందేశంగా కుదించుకుపోయింది. సులువు చేయడమంటే తెరకు రంగులు అద్దడం కాదని, అనవసరమైన మెట్లను తొలగించడమని ఇది స్పష్టం చేస్తోంది.

అందిన చోట్ల ఏం జరిగింది?

మంచి ఉదాహరణలు లేకపోలేదు. ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు పథకం వాటిలో ముఖ్యమైనది. 2019 ఆగస్టులో ఈ పథకం ప్రయోగాత్మకంగా మొదలైనది ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర జంటలలో కావడం గమనార్హం. 2022 జూన్ నాటికి దేశమంతటికీ విస్తరించింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్న కుటుంబం వలస వెళ్ళినచోట కొంత ధాన్యం, సొంతూరిలో ఉన్నవారు మిగిలిన ధాన్యం తీసుకోవచ్చు. దీనికి కార్మికుడు ఎటువంటి దరఖాస్తు నింపనవసరం లేదు. కార్డు సంఖ్య లేదా ఆధార్ సంఖ్య చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. రెండు రాష్ట్రాల లెక్కలు సరిచూసుకునే భారాన్ని యంత్రమే మోస్తోంది.

ఇందులోనూ పరిమితులున్నాయి. రాష్ట్ర ప్రభుత్వాలు సొంతంగా ఇచ్చిన కార్డులకు ఇతర రాష్ట్రాలలో ఈ సౌకర్యం వర్తించదు. ఆ తేడా కార్డుదారుకు తెలియకపోతే రేషన్ దుకాణం దాకా వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళవలసి వస్తుంది. చేతిపనులు చేసేవారిలో, వృద్ధులలో వేలి గీతలు అరిగి యంత్రం గుర్తించకపోవడం మరో సమస్య. కనుపాప గుర్తింపు వంటి ప్రత్యామ్నాయం ప్రతి దుకాణంలో సిద్ధంగా ఉన్నప్పుడే పథకం లక్ష్యం నెరవేరుతుంది.

గుజరాత్‌కే చెందిన మరో ఉదాహరణ మాట్లాడే ఏటీఎం. అంధుల సౌకర్యార్థం ధ్వని రూపంలో సూచనలిచ్చే తొలి ఏటీఎంను యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 2012 జూన్‌లో అహ్మదాబాద్‌లో నెలకొల్పింది. 2014 జులై నుంచి కొత్తగా ఏర్పాటయ్యే ఏటీఎంలన్నీ ఈ తరహాలో, బ్రెయిలీ మీటలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంధుల కోసం తలపెట్టిన ఈ ఏర్పాటు చదవడం రానివారికీ పనికి వచ్చేదే. దుకాణాలలో డబ్బు జమ కాగానే మొత్తాన్ని బిగ్గరగా చెప్పే చిన్న పెట్టెలది కూడా అదే దారి. ఆంగ్ల సందేశం చదవనవసరం లేకుండా కూరగాయల వ్యాపారి సైతం తనకు ఎంత వచ్చిందో చెవితో తెలుసుకుంటున్నాడు.

చెల్లింపుల రంగంలో యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో తొలిసారిగా నెలకు 1,000 కోట్లు దాటాయి. స్మార్ట్ ఫోను లేనివారు ఈ వెల్లువకు వెలుపల ఉండిపోరాదన్న ఉద్దేశంతో రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న సాధారణ ఫోన్లకు యూపీఐ 123పే పద్ధతిని ప్రారంభించింది. దేశంలో అటువంటి ఫోన్లు వాడేవారు 40 కోట్లకు పైగా ఉంటారని అప్పట్లో అంచనా వేశారు. ఫోను చేసి సూచనలు వింటూ అంకెలు నొక్కడం, మిస్డ్ కాల్ ఇవ్వడం వంటి మార్గాలు ఇందులో ఉన్నాయి. అక్షరాలు రానివారిలో కూడా అధికులకు అంకెలు తెలుసునన్న సాధారణ సత్యంపై ఈ ఏర్పాటు ఆధారపడింది.

తెలుగు రాష్ట్రాల అనుభవం కూడా ఈ చర్చకు ఉపకరిస్తుంది. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఈ-సేవ కేంద్రాలలో పౌరుడు కంప్యూటర్‌ను తాకనవసరం లేదు. కౌంటర్ వెనుక ఉన్న ఉద్యోగే అతనికి ఇంటర్‌ఫేస్. తర్వాతి కాలంలో సేవలు ఇంటర్నెట్‌కు మారడంతో ఆ ఉద్యోగి పని పౌరునిపై పడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ విధానం ఈ భారాన్ని తగ్గించే ప్రయత్నంగా చెప్పుకోవచ్చు. ప్రజలు ఇప్పటికే బంధుమిత్రులతో మాట్లాడుకునే తెర మీదికే ప్రభుత్వం రావడం దీనిలోని విశేషం. ఇతర రాష్ట్రాలలో ఉన్న తెలుగువారికి ఆయా రాష్ట్రాల సేవలు ఇదే రీతిలో తమ భాషలో అందడం ఇంకా జరగవలసిన పని.

అభ్యంతరాలు, సమాధానాలు

అందరినీ దృష్టిలో ఉంచుకుని తెరలు రూపొందించాలన్న సూచనకు అధికార, పారిశ్రామిక వర్గాల నుంచి సాధారణంగా మూడు అభ్యంతరాలు ఎదురవుతుంటాయి. ఖర్చు పెరుగుతుందన్నది మొదటిది. పథకం ఆలస్యమవుతుందన్నది రెండవది. కొత్త తరం చదువుకుంటున్నందున సమస్య దానంతట అదే సమసిపోతుందన్నది మూడవది.

మొదటి రెండింటిలో కొంత వాస్తవం లేకపోలేదు. 22 భాషలలో సమాచారాన్ని సరిగా అనువదించి, సరిచూసి, కాలానుగుణంగా సవరించడం చిన్న పని కాదు. అయితే ప్రారంభించిన తర్వాత మార్చడం అంతకంటె ఖర్చుతో కూడిన పని. పైగా తెరను కష్టంగా ఉంచడం వల్ల ఖర్చు మాయం కావడం లేదు. అది ప్రభుత్వ ఖజానా నుంచి కార్మికుని జేబుకు, సేవా కేంద్రం ముందు క్యూలో గడిచిన గంటలకు, చేతులు మారే చిల్లర రుసుములకు బదిలీ అవుతోంది. బడ్జెట్ పత్రాలలో కనిపించనందున దానిని పొదుపుగా భావించడం లెక్కల గారడీయే.

మూడవ అభ్యంతరం మరింత బలహీనమైనది. చదువు వచ్చినవారికి కూడా వయసు మీదపడుతుంది, చూపు మందగిస్తుంది, చేయి విరుగుతుంది. 2011 జనాభా లెక్కలలో దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లుగా తేలింది. పరభాషా ప్రాంతానికి వలస వెళ్ళిన పట్టభద్రుడు సైతం స్థానిక భాషలోని ఫారం ముందు నిరక్షరాస్యుడే. ఈ పరిస్థితి ఒక తరంతో ముగిసిపోయేది కాదు.

చట్టం ఏమంటోంది?

ఈ రంగంలో న్యాయస్థానాల వైఖరి ఇటీవలి కాలంలో గణనీయంగా కఠినతరమైంది. వికలాంగుల హక్కుల చట్టం-2016 సమాచార సాంకేతిక సేవలను వికలాంగులకు అందుబాటులో ఉంచడాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. ఆ చట్టం కింద 2017లో రూపొందించిన నిబంధనలలో 15వది ప్రమాణాలను తప్పనిసరి చేయక, సిఫారసుల స్థాయికి కుదించిందని, అది మూల చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

2025 ఏప్రిల్ 30న న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, ఆర్. మహదేవన్‌ల ధర్మాసనం మరింత దూరం వెళ్ళింది. యాసిడ్ దాడి బాధితులు, అంధులు బ్యాంకు ఖాతా వంటి సేవలకు డిజిటల్ గుర్తింపు ప్రక్రియను పూర్తి చేయలేకపోతున్నారన్న పిటిషన్లపై విచారణ అది. కెమెరా ముందు కన్నురెప్ప ఆర్పి తాము సజీవులమని నిరూపించుకోవాలన్న నిబంధన, రెప్ప కదల్చలేనివారిని సేవలకు దూరం చేస్తోంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని ధర్మాసనం ప్రకటించి, 20 ఆదేశాలు జారీ చేసింది. ప్రత్యామ్నాయ గుర్తింపు పద్ధతులు, కాగితంపై గుర్తింపు కొనసాగింపు, క్రమబద్ధమైన తనిఖీ, సేవను విడుదల చేసే ముందు జరిపే పరీక్షలలో అంధులకు భాగస్వామ్యం వీటిలో ఉన్నాయి. గ్రామీణ ప్రజలు, వృద్ధులు, ఆర్థికంగా వెనుకబడినవారు, భాషాపరమైన అల్పసంఖ్యాకులు కూడా డిజిటల్ సేవలకు దూరమవుతున్న విషయాన్ని తీర్పు ప్రస్తావించింది. సూరత్‌లోని తెలుగు నేత కార్మికుడు ఈ చివరి వర్గానికి చెందినవాడే.

తర్జుమా ఒక్కటే చాలదు

తీర్పుల స్ఫూర్తి ఆచరణలోకి రావాలంటే ప్రభుత్వ శాఖలు తమ అలవాట్లు మార్చుకోవలసి ఉంటుంది. ప్రాంతీయ భాషలను జోడించడంతో పని పూర్తయిందన్న భావన వాటిలో మొదటిది. 2022లో ప్రారంభమైన ‘భాషిణి’ యంత్రానువాద వేదిక వల్ల తెరలపై తెలుగు కనిపించడం ఇప్పుడు సులభమైంది. ఈ-శ్రమ్‌కు 22 భాషలు వచ్చింది కూడా దాని తోడ్పాటుతోనే. అయితే ఆంగ్ల ఫారంలోని క్లిష్ట పదానికి అంతకంటె క్లిష్టమైన సంస్కృత సమాసం చేరిస్తే కార్మికునికి ఒరిగేదేమీ లేదు. ‘కండెలు చుట్టడం’ అని అడగవలసినచోట కోశంలోని పదం వేస్తే అది తెలుగు లిపిలో ఉన్న మరో పరాయి భాష అవుతుంది.

పరీక్షించే తీరు రెండవది. ఏ సేవనైనా విడుదల చేసే ముందు కార్యాలయంలోని ఉద్యోగులతో కాక, దానిని వాడబోయేవారితో వాడించి చూడవలసి ఉంది. లింబాయత్‌లో పది మంది నేత కార్మికుల చేతికి ఫోను ఇచ్చి, సాయం చేయకుండా గమనిస్తే, ఎక్కడ ఆగిపోతున్నారో ఒక్క పూటలో తెలిసిపోతుంది. దానికయ్యే వ్యయం ప్రారంభోత్సవ ప్రకటనల ఖర్చులో ఏ మూలకూ రాదు. తెర ఎంత సులువైనా దానిని వాడలేనివారు కొందరు మిగులుతారు కనుక మనిషి కూర్చున్న కౌంటరును పూర్తిగా ఎత్తివేయరాదన్నది మూడవ విషయం.

యంత్రమంటే భయపడే వర్గం కాదిది. ఒక్కో నేత కార్మికుడు ఒకే సమయంలో అనేక మగ్గాలను కనిపెట్టుకుని ఉంటాడు. పేక పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగుతుంది. కార్మికుడు తెగినచోటు చూసి అతికితే మళ్ళీ నడుస్తుంది. అప్పటివరకు నేసిన బట్ట చెక్కుచెదరదు. పొరపాటును వెంటనే తెలపడం, ఎక్కడ జరిగిందో చూపడం, అప్పటిదాకా చేసిన పనిని కాపాడడం అనే మూడు గుణాలూ పాతకాలపు మగ్గంలోనే ఉన్నాయి. ఒక గడిలో తప్పు దొర్లితే నింపినదంతా తుడిచిపెట్టి మొదటికి పంపే పోర్టల్ ఆ మగ్గం కంటె వెనుకబడిన యంత్రమే.

డిజిటల్ సేవల సాఫల్యాన్ని ఇంతవరకు నమోదైన కోట్ల సంఖ్యతో కొలుస్తూ వచ్చారు. ఎందరు ఇతరుల సాయం లేకుండా నమోదు చేసుకోగలిగారు, ఎందరు మధ్యలో ఆగిపోయారు, ఎందరికి తిరస్కరణ కారణం వారి భాషలో తెలిసింది అన్న లెక్కలు కూడా ప్రభుత్వాలు ప్రకటించిన నాడే అసలు పరిస్థితి వెల్లడవుతుంది. జీవించే హక్కులో భాగమని అత్యున్నత న్యాయస్థానం ప్రకటించిన సౌకర్యాన్ని అమలు జరిపే బాధ్యత ఇక పాలకులదే.